పాట ఎక్కడి నుంచి వస్తోంది?

ఖరీదైన హెడ్‌ఫోన్ల గురించి నలుగురు మాట్లాడుకునే చోట రెండు మాటలు తప్పకుండా వినిపిస్తాయి. ఒకటి సౌండ్‌స్టేజ్, రెండోది ఇమేజింగ్. చాలామంది రెండింటినీ ఒకే అర్థంలో వాడేస్తారు. దుకాణంలో అమ్మేవాళ్లయితే మరీను. డిపాజిట్టూ బ్యాంకు పనే, అడ్వాన్సూ బ్యాంకు పనే కదా అని రెండింటినీ ఒకే ఖాతాలో రాసేసినట్టు ఉంటుంది ఈ వ్యవహారం.

2024లో వేతన సవరణ అరియర్స్ చేతికొచ్చాక మా జోన్‌లోని ఒక యువ అధికారి, పార్వతీపురం కుర్రాడు, ఫోన్ చేశాడు. "సార్, లక్షన్నర పెట్టి ఒక హెడ్‌ఫోన్ కొందామనుకుంటున్నాను. సౌండ్‌స్టేజ్ బ్రహ్మాండం అంటున్నారు. నిజంగా అంత తేడా ఉంటుందంటారా?" అని అడిగాడు. లక్షన్నర అంటే అతని అరియర్స్‌లో పెద్ద ముక్కే. పైగా హౌసింగ్ లోను నడుస్తోంది. ఫోన్‌లో రెండు మాటల్లో తేలే ప్రశ్న కాదది. ఇలాంటి ప్రశ్న మరికొందరికీ ఉండవచ్చు కాబట్టి ఇక్కడ కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందు హెడ్‌ఫోన్ పక్కన పెట్టి మామూలు చెవి సంగతి చూద్దాం. నేను ఉండేది జంషెడ్‌పూర్‌లో, టాటానగర్ స్టేషన్‌కు దగ్గర్లో ఉన్న బాగ్‌బేరాలో. హౌరా-ముంబయి మార్గం ఇది. ఒక వైపు వెళితే ఖరగ్‌పూర్, రెండో వైపు వెళితే చక్రధర్‌పూర్. రాత్రి దీపం ఆర్పి పడుకున్నాక కూడా ఇంజిన్ హారన్ ఏ దిక్కు నుంచి వచ్చిందో, దగ్గర్లో షంటింగ్ జరుగుతోందో దూరంగా బండి వస్తోందో మాకు తెలుస్తూనే ఉంటుంది. మా పక్కింటి పెద్దాయన రైల్వేలో చేసి రిటైరయ్యారు, శ్రీకాకుళం వైపు మూలాలున్నవారు. ఆయనైతే చప్పుడు విని గూడ్సో ప్యాసింజరో కూడా చెప్పేస్తారు. ఆ సంగతి అనుభవంతో వస్తుంది. దిక్కు తెలియడం మాత్రం మనందరికీ ఉన్న విద్యే.

ఎడమ వైపు నుంచి వచ్చిన శబ్దం ముందు ఎడమ చెవిని తాకుతుంది. తల చుట్టూ తిరిగి కుడి చెవిని చేరేసరికి కాస్త ఆలస్యమవుతుంది. శబ్దం పూర్తిగా పక్క నుంచి వచ్చినా ఆ ఆలస్యం సుమారు 0.65 మిల్లీసెకను మాత్రమే, అంటే సెకనులో వెయ్యో వంతు కూడా కాదు. అంత కొద్ది తేడాని కూడా మెదడు పట్టేస్తుంది. మంద్రంగా ఉండే శబ్దాలకు ఈ కాలభేదమే ముఖ్య ఆధారం. కీచు శబ్దాలకు తల అడ్డుగోడ అవుతుంది కాబట్టి అవతలి చెవికి అవి తగ్గి వినిపిస్తాయి. ఈ రెండింటినీ కలిపి సిద్ధాంతంగా చెప్పినవాడు ఇంగ్లండు శాస్త్రవేత్త లార్డ్ రేలీ, 1907లో. ఇక మూడోది చెవి డొప్ప. దాని మడతల్లో పడి శబ్దం రూపు కొంచెం మారుతుంది. ముందు నుంచి వచ్చిందా వెనక నుంచా, పైనుంచా కింద నుంచా అన్నది ఆ మార్పును బట్టి తెలుస్తుంది. దూరం తెలిసేది ఎక్కువగా ప్రతిధ్వనుల వల్ల. నేరుగా వచ్చిన శబ్దం ఎంత, గోడలకు తగిలి వచ్చింది ఎంత అన్న నిష్పత్తిని మెదడు లెక్క వేసుకుంటుంది.

హెడ్‌ఫోన్ పెట్టుకోగానే ఈ లెక్కంతా తారుమారవుతుంది. గదిలో రెండు స్పీకర్లు పెట్టి వింటే ఎడమ స్పీకర్ శబ్దం రెండు చెవులకూ చేరుతుంది, కుడిదీ అంతే. పాటల మిక్సింగ్ చాలావరకు స్పీకర్లను దృష్టిలో పెట్టుకునే చేస్తారు. హెడ్‌ఫోన్‌లోనేమో ఎడమది ఎడమ చెవికే, కుడిది కుడి చెవికే. అందుకని వాద్యాలు చెవుల దగ్గరికి లాగినట్టుగా, గాయకుడు మన నడినెత్తిలో కూర్చున్నట్టుగా అనిపిస్తుంది. మరో తిరకాసు కూడా ఉంది. మనం తల తిప్పితే కచేరీ మొత్తం మనతోపాటే తిరుగుతుంది. ప్రపంచంలో ఏ కచేరీ అలా తిరగదు కాబట్టి మెదడు దాన్ని బయటి శబ్దంగా ఒప్పుకోదు. ఎడమ చానల్‌లో కొంచెం కుడి చెవికి, కుడి దాంట్లో కొంచెం ఎడమ చెవికి కలిపి ఇచ్చే క్రాస్‌ఫీడ్ పద్ధతిని బెంజమిన్ బావర్ 1961లోనే ప్రతిపాదించాడు. ఈ మధ్య వైర్‌లెస్ ఇయర్‌ఫోన్లలో తల కదలికను కనిపెట్టి శబ్దాన్ని సవరించే ఏర్పాటు కూడా వచ్చింది. సినిమా చూడటానికి బాగుంటుంది. పాటకు మాత్రం నాకు అంతగా నచ్చలేదు.

ఇప్పుడు ఆ రెండు మాటలకు వద్దాం. కర్ణాటక సంగీత కచేరీని ఊహించుకోండి. మధ్యలో గాయకుడు. మనకు ఎడమ చేతి వైపు మృదంగం, ఎందుకంటే విద్వాంసుడి కుడి చేతి మూత శ్రోతల వైపు ఉండాలి. కుడి చేతి వైపు వయొలిన్. వెనక తంబురా, ఉంటే ఘటం. ఈ వేదిక ఎంత వెడల్పుగా, ఎంత లోతుగా, మనకు ఎంత దూరంలో ఉన్నట్టు అనిపిస్తోందన్నది సౌండ్‌స్టేజ్. కళ్లు మూసుకుని "ఇదిగో మృదంగం ఇక్కడ, ఘటం దాని వెనక" అని వేలు పెట్టి చూపగలగడం ఇమేజింగ్. వేదిక మైదానమంత ఉండి ఎవరెక్కడున్నారో తెలియకపోవచ్చు. వేదిక చిన్న గదంతే ఉన్నా ప్రతి ఒక్కరి చోటూ ఖచ్చితంగా తెలియవచ్చు. నన్ను అడిగితే రెండోదే ఎక్కువ విలువైనది. వెడల్పు తొలి పది నిమిషాలు ఆశ్చర్యపరుస్తుంది. స్థానం తెలియడం వల్ల మాత్రం మూడేళ్ల తరువాత కూడా, వయొలిన్ గొంతు వెనక పడి పోయే చోట్ల, రెండింటినీ విడివిడిగా వినగలుగుతాం.

రెండు చెవులతో వింటే శబ్దానికి చోటు ఏర్పడుతుందన్న సంగతి కొత్తదేమీ కాదు. 1881లో పారిస్ విద్యుత్ ప్రదర్శనలో క్లెమెంట్ ఆడెర్ ఒపేరా వేదిక నుంచి టెలిఫోన్ తీగలు లాగి, శ్రోతలకు చెవికొకటి చొప్పున రెండు రిసీవర్లు ఇచ్చాడు. పాడేవాళ్లు వేదిక మీద అటూ ఇటూ నడవడం విన్నవాళ్లకు తెలిసిందట. హెడ్‌ఫోన్ స్టీరియోకు తాతగారు అదేననుకోవచ్చు.

కోల్‌కతాలో నాకొక మిత్రుడున్నాడు. సంపాదనలో సగం ఈ సరదాకే పోస్తాడు. అతని ఇంట్లో రెండు ఆదివారాలు కూర్చుని అవే నాలుగు రికార్డింగులు మార్చి మార్చి విన్నాను. సెన్‌హైజర్ హెచ్‌డి 600 అనేది 1997 నాటి మోడల్, ఇప్పటికీ అమ్ముడవుతోంది. దాని వేదిక చిన్నది. ఎడమ, మధ్య, కుడి అని మూడు గుంపులుగా వినిపిస్తుంది. మధ్యలోని గొంతు మాత్రం ఎంత సహజంగా ఉంటుందో చెప్పలేను. అదే కంపెనీ 2009లో తెచ్చిన హెచ్‌డి 800, తరువాత వచ్చిన 800 ఎస్ వేరే రకం. 56 మిల్లీమీటర్ల డ్రైవర్‌ను చెవికి అంటకుండా, కాస్త ముందుకు జరిపి, వాలుగా బిగించారు. శబ్దం ముందు వైపు నుంచి వచ్చి చెవి డొప్పకు తగులుతుంది. వయొలిన్ నిజంగానే చెవి దాటి బయట వినిపించింది. మృదంగానికీ ఘటానికీ మధ్య ఖాళీ కూడా తెలిసింది. మొదటి 800లో 6,000 హెర్ట్జ్ దగ్గర శబ్దం కొంచెం పొడుచుకొచ్చేది, ఎస్‌లో దాన్ని తగ్గించారు. ఏకేజీ కె702 కూడా వెడల్పే. కానీ వాద్యాలు రెండు పక్కలకూ పోయి మధ్యలో బోసిగా అనిపించింది నాకు. పేరు మనదే అయినా చైనా కంపెనీ తయారుచేసిన హైఫైమ్యాన్ ఆర్య మరో తమాషా. పల్చటి పొరతో పనిచేసే ప్లానార్ రకం, కోడిగుడ్డు ఆకారంలో పెద్ద డొప్పలు. వేదిక వెడల్పుతోపాటు ఎత్తుగా కూడా అనిపిస్తుంది. గాయకుడు కూర్చున్నాడా నిలుచున్నాడా అని అనుమానం వచ్చేంత ఎత్తు! క్లోజ్డ్ బ్యాక్ రకాలు ఈ పోటీలో సాధారణంగా వెనకబడతాయి. మూసిన డొప్పలో శబ్దం గోడలకు తగిలి తిరిగి చెవిలోకే వస్తుంది, అది చిన్న గదిలో ఉన్న భావన కలిగిస్తుంది.

ఇక్కడ ఒక తిరకాసు ఉంది, అమ్మేవాళ్లు దీన్ని చెప్పరు. వేదిక పెద్దదిగా అనిపించడంలో కొంత భాగం శబ్దపు హెచ్చుతగ్గుల వల్ల వచ్చేదే. 1,000 నుంచి 3,000 హెర్ట్జ్ మధ్య కొంచెం తగ్గిస్తే గొంతు నాలుగడుగులు వెనక్కి జరిగినట్టు ఉంటుంది, వేదిక లోతుగా అనిపిస్తుంది. గొంతులోని బలం అక్కడే ఉంటుంది కాబట్టి దాన్ని కూడా కొంత పోగొట్టుకుంటాం. అంటే వెడల్పు కొన్నిసార్లు ఉచితంగా రాదు. ఇమేజింగ్ రహస్యం వేరు. ఎడమ, కుడి డ్రైవర్లు రెండూ అన్ని స్థాయుల్లోనూ ఒకదానికొకటి సరిపోలాలి. ఒకటి రెండు డెసిబెల్స్ తేడా ఉన్నా మధ్యలో ఉండాల్సిన గొంతు పక్కకు ఒరుగుతుంది. కొన్ని స్వరాల దగ్గరే తేడా ఉంటే ఆ స్వరాలు వచ్చినప్పుడల్లా వయొలిన్ జరిగి కూర్చుంటుంది.

హెడ్‌ఫోన్ ఎంత గొప్పదైనా రికార్డింగులో లేని వేదికను తేలేదు. స్టూడియోలో ఒక్కో వాద్యాన్నీ విడిగా మైకులో పట్టి, మిక్సింగ్ బల్ల మీద ఒక నాబ్ తిప్పి ఎడమకో కుడికో పంపుతారు. చాలా పాటల్లో వేదిక అంటే ఆ నాబ్ తిప్పిన ఇంజినీరు ఊహే. మృదంగం రెండు మూతలకూ రెండు మైకులు పెట్టి, ఒకదాన్ని పూర్తిగా ఎడమకు, ఇంకోదాన్ని పూర్తిగా కుడికి పంపిన రికార్డింగులు విన్నాను. మృదంగం పదడుగుల పొడవుండి గాయకుడు దాని మధ్యలో కూర్చున్నట్టు ఉంటుంది! హెడ్‌ఫోన్ ఎంత మంచిదైతే ఆ వింత అంత స్పష్టంగా తెలుస్తుంది. ఇంతకీ మనం సభల్లో వినే కచేరీల్లో చాలావరకు మైకుల శబ్దమంతా కలిపి రెండు పక్కల స్పీకర్లలోనూ ఒకటే వదులుతారు. వేదిక మనకు కంటితోనే కనబడుతుంది.

మనలో చాలామందికి ముఖ్యమైన విషయం ఇది. 1950, 60ల నాటి తెలుగు సినిమా పాటలు ఎక్కువగా మోనో. ఘంటసాల, పి. లీల, పి. సుశీల ఆ రోజుల్లో పాడిన వాటిలో ఎడమ చెవికీ కుడి చెవికీ వచ్చేది ఒకటే శబ్దం. వేదిక వెడల్పుకు గానీ స్థానాలకు గానీ అందులో ఆధారమే లేదు. లక్షన్నర హెడ్‌ఫోన్‌లోనూ అవి తల మధ్యలోనే వినిపిస్తాయి. వాటికి హెచ్‌డి 600 లాంటిదే మేలు, గొంతు బాగుంటుంది. పార్వతీపురం కుర్రాణ్ణి అతను ఏమేం వింటాడో జాబితా పంపమన్నాను. మూడొంతులు పాత పాటలే. అదీ కాక 800 ఎస్ ఇంపీడెన్స్ 300 ఓమ్‌లు. మామూలు ఫోన్‌కు గుచ్చితే శబ్దం నీరసంగా వస్తుంది, ఆంప్లిఫయర్ మరో ఖర్చు. 600కూ ఓమ్‌లు అంతే కాబట్టి దానికీ చిన్న ఆంప్లిఫయర్ కావాలి, కానీ అసలు ధరలోనే చాలా మిగులుతుంది. అతను 600 తీసుకుని, మిగిలిన సొమ్ము లోనుకు ముందస్తుగా కట్టాడు. మేనేజ్‌మెంటు చదువులో దీన్ని వాడకాన్ని బట్టి పెట్టుబడి అంటారు, మా అమ్మ గంతకు తగ్గ బొంత అనేది.

వినే చోటు కూడా లెక్కలోకి రావాలి. వేదిక విశాలంగా ఇచ్చేవి దాదాపు అన్నీ ఓపెన్ బ్యాక్ రకాలు. వాటికి వెనక జాలీ ఉంటుంది, బయటి చప్పుడు లోపలికి, లోపలి పాట బయటికి వచ్చేస్తాయి. బాగ్‌బేరా లాంటి చోట సాయంత్రం ఏడుకు ఓపెన్ బ్యాక్ పెట్టుకుంటే తంబురా వినిపించదు, ఆటోలు వినిపిస్తాయి. పక్కన నిద్రపోతున్న మనిషికి మన పాట వినిపిస్తుంది. బ్రాంచి పక్కనే క్వార్టర్స్ ఉన్నవాళ్లు, బస్సుల్లో రైళ్లలో తిరిగేవాళ్లు క్లోజ్డ్ రకమే చూసుకోవడం మంచిది.

కొనేముందు ఇప్పుడున్న ఇయర్‌ఫోన్‌తోనే కొన్ని పరీక్షలు చేయవచ్చు. ఫోన్ సెట్టింగుల్లో యాక్సెసిబిలిటీ అని ఉంటుంది, అందులో మోనో ఆడియో ఆన్ అయి ఉందేమో చూడండి. ఆన్ అయి ఉంటే ఏ హెడ్‌ఫోన్‌కూ వేదిక రాదు. ఎడమ కుడి సమతూకం గీత నడిమధ్యలో ఉండాలి. మోనో పాట పెట్టి వినండి. గొంతు నడిమధ్యలో కాక ఒక పక్కకు ఒరిగితే హెడ్‌ఫోన్ ఎడమ కుడి తిప్పి పెట్టుకోండి. ఒరుగు కూడా రెండో పక్కకు మారితే లోపం హెడ్‌ఫోన్‌లోనో ఫోన్‌లోనో ఉన్నట్టు. అదే పక్కన ఉండిపోతే చెవిలో గుబిలి కావచ్చు, వినికిడి తేడా కావచ్చు, చెవి డాక్టరుకు చూపించుకోవాలి. కళ్లజోడు ఉన్నవాళ్లు జోడుతోనే పరీక్షించాలి, దాని కాడ వల్ల మెత్తకూ తలకూ మధ్య సందు పడి శబ్దం మారుతుంది. రెండు హెడ్‌ఫోన్లను పోల్చేటప్పుడు రెండింటి శబ్దమూ ఒకే మట్టంలో ఉండాలి. ఏది కాస్త గట్టిగా మోగితే అదే మేలైనదిగా అనిపించడం మానవ సహజం, దుకాణంవాళ్లకు ఈ సంగతి బాగా తెలుసు.

ఓపెన్ బ్యాక్ కొన్నవాళ్లు బయటి చప్పుడును మించి వినాలని వాల్యూమ్ పెంచుతూ పోతారు. నేను మాత్రం గూడ్సు బండి వచ్చినప్పుడు పాట ఆపి, అది వెళ్లాక మళ్లీ మొదలుపెడతాను. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్లకు చెప్పిన హద్దు 80 డెసిబెల్స్, వారానికి 40 గంటలు. మూడు డెసిబెల్స్ పెరిగినప్పుడల్లా ఆ సమయం సగమవుతుంది. 83కు 20 గంటలు, 86కు 10, 89కు 5.