సప్పుడు చెయ్యకుండ్రి, డాడీ నైట్‌షిఫ్టు

పొద్దున ఏడు ముప్పావుకు గేటు ముందు బండి ఆగిన సప్పుడు వినపడగానే నేను కుట్టుమిషన్ మీద గుడ్డ కప్పేస్తాను. చిన్నది టీవీ బంద్ చేస్తుంది. మా అత్తమ్మ కాలింగ్ బెల్ స్విచ్ ఆపేస్తుంది. మా ఆయన స్నానం చేసి, ఇంత ఉప్పుపిండో రెండు జొన్నరొట్టెలో తిని, ఎనిమిదిన్నరకు లోపలి గదిలో పడుకుంటాడు. ఆ గది కిటికీకి మందపాటి నల్లగుడ్డ కుట్టి వేలాడదీశాను. వానాకాలమైనా కూలర్ తిరుగుతూనే ఉంటుంది, దాని హోరులో బయటి సప్పుళ్లు కొంత మునిగిపోతాయి. ఇక మధ్యాహ్నం రెండున్నర దాకా మా ఇంట్లో అందరి నోటా ఒకటే మాట: “సప్పుడు చెయ్యకుండ్రి, డాడీ నైట్‌షిఫ్టు.”

మాది గోదావరిఖనిలో సింగరేణి క్వార్టర్. రెండు గదులు, వంటిల్లు, ముందర ఒక వరండా. అత్తమ్మ, మేమిద్దరం, ముగ్గురు పిల్లలు. పెద్దమ్మాయి ఇంటర్ రెండో ఏడాది బైపీసీ, నడిపోడు ఎనిమిది, చిన్నది మూడో తరగతి. నేను ఇంట్లోనే జాకెట్లు కుడతాను. మా ఆయన అండర్‌గ్రౌండ్‌లో ఎస్‌డీఎల్ ఆపరేటర్. మందుపెట్టి పేల్చిన బొగ్గును ఎత్తి కన్వేయర్ మీద పోసే యంత్రం అది. ఇక్కడ గనిని గని అనేవాళ్లు తక్కువ, బాయి అంటాం. బాయికి మూడు షిఫ్టులు: పొద్దున ఏడు నుంచి మూడు, మూడు నుంచి రాత్రి పదకొండు, పదకొండు నుంచి మళ్లీ పొద్దున ఏడు. వారం వారం మారుతుంటాయి. అంటే మూడు వారాల్లో ఒక వారం మా ఇంట్లో పగలు రాత్రి అవుతుంది.

మామూలు రోజుల్లో ఇది కష్టమేమీ కాదు. ఎనిమిదిన్నరకల్లా పిల్లలు బడికి, కాలేజీకి పోతారు. ఇల్లు దానంతటదే నిమ్మలమవుతుంది. కష్టమంతా వానలు తగ్గి, తంగేడు పూసే రోజుల్లోనే.

2025నే తీసుకోండి. సెప్టెంబర్ 21, ఆదివారం ఎంగిలిపూల బతుకమ్మ. అదే రోజు నుంచి అక్టోబర్ 3 దాకా బడులకు 13 రోజుల దసరా సెలవులు. ఆ సోమవారం నుంచే మా ఆయనకు నైట్‌షిఫ్టు. నా దగ్గర పండుగలోపు ఇయ్యాల్సిన జాకెట్లు 34. ఏడాది మొత్తంలో నా చేతికి నాలుగు పైసలొచ్చే సీజన్ ఇదే. వాడకట్టులో పొద్దున పదింటికే బతుకమ్మ పాటల డీజే మొదలు. నడిపోడి దోస్తులు ఆరుగురు గేటుకే వికెట్లు గీసుకుని క్రికెట్. రెండు గదుల ఇంట్లో ఒక మనిషి పగటిపూట ఆరు గంటలు నిద్రపోవాలంటే మిగతా అయిదుగురూ కలిసి పనిచేయాలి.

ఒక మనిషి నిద్రకు ఇంత హైరానా ఎందుకని మా చెల్లె ఒకసారి అడిగింది. హైదరాబాద్‌లో ఉంటుంది, దానికి బాయి సంగతి తెలియదు. దానికి చెప్పిందే మీకూ చెబుతాను.

బాయిల షిఫ్టు మొదలుకాగానే మైనింగ్ సర్దార్ పైకప్పును తట్టి చూస్తాడు. గట్టిగా ఉన్న కప్పు ఖంగుమంటుంది. పొర విడిపోయిన కప్పు డొల్లగా పలుకుతుంది. సర్దార్ చూసిపోయాక కూడా పనిచేసేవాళ్లు ఆ ఎనిమిది గంటలూ చెవి పైకే పెట్టి ఉంటారు. కప్పు కూలే ముందు చాలాసార్లు చిటపటమంటుంది, చిన్న చిన్న పెళ్లలు రాలతాయి. యంత్రం రొదలో ఆ చిన్న సప్పుడు పట్టుకోవాలంటే మనిషి పూర్తి మెలకువలో ఉండాలి. క్యాప్‌ల్యాంప్ వెలుతురు తప్ప వేరే వెలుతురు లేని చోట, ఉక్కపోతలో, రాత్రి మూడింటికి, నిద్ర చాలని మనిషి చెవి ఎంతసేపు పనిచేస్తుంది? ఆయన అక్కడ ఆ సప్పుడు వినాలనే మేం ఇక్కడ సప్పుడు చేయం.

మాకూ ఇది దెబ్బ తగిలాకే అర్థమైంది. 2022 బతుకమ్మ వారంలో కూడా ఆయనది నైట్‌షిఫ్టే. ఇంటినిండా చుట్టాలు, బయట మైకు. రోజుకు మూడు గంటలు కూడా నిద్రపోలేదు. పండుగపూట ఎవరినేమంటామని ఆయనా ఊరుకున్నాడు, నేనూ ఊరుకున్నాను. నాలుగోరోజు పొద్దున షిఫ్టు దిగి వస్తూ రాజీవ్ రహదారి మీద బండి నడుపుతూనే కునుకు తీశాడు. డివైడర్‌కు తగిలి పడ్డాడు. హెల్మెట్ ఉంది కాబట్టి తల దక్కింది, కాలర్ బోన్ విరిగింది. దవాఖానలో కళ్లు తెరవగానే ఆయన అన్న మొదటి మాట: “బాయిల గిట్ల కునుకు పట్టి ఉంటే నా పక్కోడు కూడ పోయేటోడు.” ఆ మాట విన్న రోజునే ఇంట్లో పద్ధతులు మార్చాలని గట్టిగా అనుకున్నాను.

నలభై అయిదు రోజులు ఇంట్లోనే ఉన్నాడు. మస్టర్లు పోయాయి. మస్టర్ అంటే హాజరు. సింగరేణిలో లాభాల వాటా ఎవరికెంత అన్నది ఆ ఆర్థిక సంవత్సరంలో పడిన మస్టర్లను బట్టి తేలుతుంది. అందుకే 2022లో పోయిన నిద్ర లెక్క మాకు 2023 దసరాకు తెలిసింది. ఆ ఏడు కార్మికులకు 32 శాతం వాటా ఇచ్చారు, మా ఇంటికి వచ్చింది మాత్రం ఆయన తోటివాళ్లకంటే బాగా తక్కువ.

పగటి నిద్ర రాత్రి నిద్రకు ఎందుకు సాటిరాదో మా పెద్దమ్మాయి చదివి చెప్పింది. మన మెదడులో ఒక గడియారం ఉంటుందట, వెలుతురు కంట్లో పడితే అది “ఇక లే” అంటుందట. రాత్రంతా పనిచేసి ఎంత అలిసిపోయినా, పొద్దున ఎండలో ఇంటికొచ్చిన మనిషిని ఆ గడియారం సరిగ్గా పడుకోనియ్యదు. పడుకున్నా గంటో రెండు గంటలో ముందే లేపేస్తుంది. ఈ గడియారం కణాల లోపల ఎలా నడుస్తుందో పండ్ల ఈగల మీద పరిశోధించి చెప్పినందుకు 2017లో జెఫ్రీ హాల్, మైకేల్ రాస్‌బాష్, మైకేల్ యంగ్‌లకు నోబెల్ బహుమతి వచ్చింది. కిటికీకి నల్లగుడ్డ ఆ పాఠం విన్నాకే కుట్టాను.

మా అత్తమ్మకు నోబెల్ సంగతి తెలియదు, నైట్‌షిఫ్టు సంగతి మాత్రం మా అందరికంటే ఎక్కువ తెలుసు. మా మామయ్య తట్టా చెమ్మస్ కాలం మనిషి, బొగ్గును పారతో తట్టలకెత్తి టబ్బులు నింపినవాడు. అప్పుడు వాళ్లది గుడిసె. మామయ్య పడుకుంటే నలుగురు పిల్లలనూ యాపచెట్టు కిందికి తోలుకపోయి, మధ్యాహ్నం దాకా అక్కడే పెట్టుకుని కూర్చునేదట. “బిడ్డా, మొగోడు బాయిల నుంచి ఒచ్చిండంటె సగం ఒచ్చినట్టు. పండి లేస్తెనే నిండ ఒచ్చినట్టు” అంటుంది. ఇప్పుడు మా చిన్నదాన్ని, దాని దోస్తులను వరండాలో కూర్చోబెట్టి గునుగు పూలకు రంగులద్దించే పని ఆమెదే. వేడినీళ్లలో రంగు కలిపి, గునుగు కట్టల చివర్లు ముంచి, పాత పేపర్ మీద ఆరబెడతారు. మూడు గంటల పని, మాట బయటికి రాదు.

మిగతావి నేను ఒక్కొక్కటే కుదుర్చుకున్నాను. పప్పు ఉడికించడం ఏడింటిలోపే, ఎనిమిదిన్నర తర్వాత కుక్కర్ విజిల్ మోగదు. కుట్టుమిషన్‌ను ఆ వారం ఎదురింటి వదినె వాళ్ల వరండాకు మోసుకుపోతాను. ఆమె భర్త కాంట్రాక్టు కార్మికుడు. వాళ్లకు నైట్‌షిఫ్టు వచ్చిన వారం వాళ్ల పిల్లలు మా ఇంట్లో ఉంటారు. నడిపోడి క్రికెట్ రెండు సందులవతల ఖాళీ జాగాకు మారింది. దానికి వాడు రెండు రోజులు అలిగాడు, మూడో రోజు పలక తీసుకుని సుద్దతో “నైట్‌షిఫ్టు – పడుకున్నరు” అని రాసి, తనే గేటుకు వేలాడదీశాడు. ఇప్పుడు మా వరసలో పన్నెండిళ్లుంటే నాలుగు గేట్లకు అలాంటి పలకలున్నాయి. పాలాయన కూడా పలక చూసి హారన్ కొట్టడు.

ఇదంతా చెబితే అన్నీ సాఫీగా నడుస్తాయనుకుంటారేమో. ఆ నైట్‌షిఫ్టు వారమే గురువారం రాత్రి చిన్నదానికి జ్వరం 103 దాటింది. వానలు తగ్గగానే దోమలు, డెంగీ భయం. అప్పుడు సమయం ఒంటిగంట. ఫోన్ చేద్దామంటే బాయి లోపలికి ఫోన్ తీసుకుపోనివ్వరు, అగ్గిపెట్టె లాగే. బాయి ఆఫీసుకు ఫోన్ చేస్తే కబురు పంపుతారు. కానీ బిడ్డకు బాగాలేదని విన్న మనిషి అక్కడ చెవి కప్పు మీద ఎట్లా పెడతాడు? చేయలేదు. ఎదురింటి వదినెను లేపి, ఆటోలో దవాఖానకు తీసుకుపోయాను. తెల్లారేసరికి జ్వరం దిగింది, రక్తపరీక్షలో డెంగీ కాదని తేలింది. ఏడు ముప్పావుకు ఆయన వచ్చేటప్పటికి చిన్నది మంచంలో కూర్చుని పాలు తాగుతోంది. రాత్రి సంగతి ఆయనకు నిద్ర లేచాకే చెప్పాను. “ఎందుకు దాచినవ్” అని కొంచెంసేపు కోప్పడ్డాడు. మళ్లీ అలా జరిగినా నేను అదే చేస్తాను.

తర్వాతి వారం రెండో షిఫ్టు. సెప్టెంబర్ 30న సద్దుల బతుకమ్మ సాయంత్రం ఆయన భూమి లోపల ఉన్నాడు. తాంబాలంలో గుమ్మడాకులు పరిచి, తంగేడు, గునుగు, బంతి వరసలు పేర్చి, పైన గౌరమ్మను పెట్టి ఎత్తుకుంటే చిన్నదాని నడుముకంటే పైకొచ్చింది బతుకమ్మ. పెద్దమ్మాయి ఫొటోలు తీసి పంపింది. ఆయన పైకొచ్చి, ల్యాంపు అప్పజెప్పి, రాత్రి పదకొండున్నరకు ఫోన్ తెరిచి చూశాడు. ఇంటికి వచ్చేసరికి నువ్వుల సద్ది, పెరుగు సద్ది, మలీద ముద్దలు గిన్నెలో మూతపెట్టి ఉంచాం. చిన్నది మేలుకునే ఉంది, తన చేత్తో తినిపించింది. అక్టోబర్ 2న దసరా, గాంధీ జయంతి ఒకేరోజు వచ్చాయి కాబట్టి మటన్ ముందురోజే తెచ్చుకున్నాం. జమ్మి పెట్టుకుని, పెద్దల కాళ్లు మొక్కి, ఆరుగురం ఒక్కసారి కూర్చుని తిన్నది ఆ పది రోజుల్లో ఆ ఒక్క పూటే.

దసరా అంటే ఇక్కడ పైసల ముచ్చట కూడా తప్పదు. 2024-25 లాభాల్లో 2,360 కోట్లను లెక్కకు తీసుకుని, అందులో 34 శాతం, అంటే 802.4 కోట్లు కార్మికులకు ఇచ్చారు. సగటున ఒక్కొక్కరికి 1,95,610 రూపాయలు. దీపావళికి పనితీరును బట్టి ఇచ్చే పీఎల్ఆర్ బోనస్ మరో 1,03,000. లక్ష్మీనగర్ బజారులో నిలబడితే ఆ పైసలు ఎటు పోతున్నాయో కనిపిస్తుంది: బంగారం, బట్టలు, బండ్లు. మా ఇంట్లో మాత్రం మొదట పెద్దమ్మాయి ఫీజు, తర్వాత 2022లో చేసిన అప్పులో మిగిలిన ముక్క. ఎదురింటి వదినె భర్తకు, కాంట్రాక్టు కార్మికులందరికీ ఇచ్చినట్టే, 5,500 వచ్చింది. ఆయనా అదే బాయిల రాత్రుళ్లు పనిచేస్తాడు, పొద్దున అంతే అలసటతో ఇంటికొస్తాడు. ఈ తేడా సరైంది కాదని నేను ఎవరిముందైనా అంటాను.

ఒక్క సంగతి చెప్పి ముగిస్తాను. 2000 నాటి శబ్దకాలుష్య నిబంధనల ప్రకారం రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా బయట మైకులు మోగకూడదు. నివాస ప్రాంతాల్లో పగలు 55 డెసిబెల్స్, రాత్రి 45 దాటకూడదు. రాత్రి పడుకునేవాళ్లకు ఆ నియమం కాపలా ఉంది. రాత్రంతా బొగ్గు తీసి పొద్దున పడుకునేవాళ్లకు పక్కింటివాళ్ల మంచితనం తప్ప అంతటి కాపలా లేదు. బాయివాళ్లే కాదు, ఎన్టీపీసీ షిఫ్టువాళ్లు, ఎరువుల ఫ్యాక్టరీవాళ్లు, నర్సులు, పోలీసులు, రైలు డ్రైవర్లు, అందరిదీ అదే పరిస్థితి.

కాబట్టి వచ్చే బతుకమ్మకు మీ వాడకట్టులో మైకు కట్టేముందు ఎవరింట్లో నైట్‌షిఫ్టు ఉందో ఒక్కసారి అడగండి. ఆ వారం పాటలు మధ్యాహ్నం మూడు దాటాక పెట్టుకోండి. మేమూ పూలు పేర్చుకుని వస్తాం, మీతో కలిసి పొద్దుపోయేదాకా ఆడతాం.