మెకానికల్ వాళ్ళకు కరెంటు పాఠం ఎందుకు?

ఈ హాస్టల్లోనే ఉండి పదో తరగతి పాసైన మేము పాలిటెక్నిక్‌లో మెకానికల్ బ్రాంచిలో చేరాము. మొదటి ఏడాదే బేసిక్ ఎలక్ట్రికల్ పేపరు ఎదురైంది. "ఇది మనకెందుకు?" అని విసుక్కున్నాము. జవాబు వేసవి సెలవుల్లో ముసునూరులోని ఒక మామిడి తోటలో దొరికింది.

మాకు తెలిసిన బాబాయి తోటలో 5 హార్స్‌పవర్ బోరు మోటారు కాలిపోయింది. కాయ ఊరే రోజులు. తడి అందక రసాల చెట్ల కింద కాయ రాలుతోంది. "ఇంజనీరింగు చదువుతున్నారు కదా, ఎందుకు కాలిందో చెప్పండ్రా" అని ఆయన అడిగితే మాకు నోట మాట రాలేదు. వైండింగు షాపులో విప్పి చూస్తే మూడు ఫేజుల చుట్టల్లో రెండు నల్లగా మాడిపోయాయి. మూడోది కొత్తదానిలా ఉంది. "సింగిల్ ఫేజింగ్" అన్నాడు మెకానిక్.

అప్పుడు పుస్తకం తీశాము. మెకానికల్ వాళ్ళకు అర్థమయ్యేలా చెప్పాలంటే, వోల్టేజి ట్యాంకు ఎత్తు లాంటిది, కరెంటు పైపులో నీటి ప్రవాహం లాంటిది, రెసిస్టెన్సు పైపు ఒరిపిడి లాంటిది. తీగలో పుట్టే వేడి కరెంటు వర్గాన్ని బట్టి పెరుగుతుంది. కరెంటు రెండింతలైతే వేడి నాలుగింతలు.

ఇప్పుడు లెక్క చూద్దాం. షాఫ్టు దగ్గర మనకు కావలసింది 5 × 746 = 3,730 వాట్లు. సరఫరా 415 వోల్టులు, ఎఫిషియన్సీ 0.8, పవర్ ఫ్యాక్టర్ 0.8 అనుకుంటే,

3,730 ÷ (1.732 × 415 × 0.8 × 0.8) = సుమారు 8 ఆంపియర్లు.

మోటారు తిరుగుతుండగా ఒక ఫేజు ఫ్యూజు పోయిందనుకోండి. మోటారు ఆగదు. పంపు మాత్రం అంతే నీరు ఎత్తాలి. ఆ భారమంతా మిగిలిన రెండు తీగల మీద పడి కరెంటు సుమారు 1.73 రెట్లు, అంటే 14 ఆంపియర్లు అవుతుంది. 1.73 వర్గం 3. కాబట్టి ఆ రెండు చుట్టల్లో వేడి మూడింతలై తీగ మీది పూత మాడిపోతుంది. స్టార్ కనెక్షన్ మోటారులో రెండు చుట్టలే కాలడానికి కారణం ఇదే.

దీన్ని ఆపడానికే స్టార్టరులో ఓవర్‌లోడ్ రిలే ఉంటుంది. మాటిమాటికీ ట్రిప్ అవుతోందని బాబాయి దాని సెట్టింగు పైకి తిప్పేశారట! నిజానికి అది ఊరికే ట్రిప్ అవదు. వోల్టేజి తగ్గినా, బేరింగు పట్టేసినా, ఇంపెల్లరులో ఇసుక ఇరుక్కున్నా మోటారు ఎక్కువ కరెంటు లాగుతుంది. అంటే మెకానికల్ జబ్బును మొదట చెప్పేది అమ్మీటరే! డాక్టరుకు నాడి ఎలాగో మనకు అమ్మీటరు అలాగ.

తమ్ముళ్ళూ, మీ ఇళ్ళలో కూడా ఈ మాట చెప్పండి. రిలేను మోటారు నేమ్‌ప్లేటు మీది కరెంటుకే పెట్టాలి. సింగిల్ ఫేజింగ్ ప్రివెంటరు పెట్టించుకోవాలి. మెయిన్ ఆపి, టెస్టరుతో చూసి, తెలిసినవాళ్ళు తప్ప స్టార్టరు డబ్బా విప్పకూడదు. మోటారు పోతే మళ్ళీ చుట్టించుకోవచ్చు, ప్రాణం పోతే తిరిగి రాదు.

ఆ రోజు బాబాయి అడిగిన ప్రశ్నకు మేము ఆలస్యంగా ఇస్తున్న జవాబు ఈ వ్యాసం.