మీకు తెలుసా? ఎల్లారెడ్డిలో ఆ ఇద్దరి పోరు

కామారెడ్డి అనగానే 2023లో కేసీఆర్‌నూ రేవంత్‌రెడ్డినీ ఒకే దెబ్బకు ఓడించిన కాటిపల్లి వెంకటరమణారెడ్డి గుర్తొస్తారు. అంతకంటే చెప్పుకోదగ్గ పోటీ 1967లో పక్కనే ఉన్న ఎల్లారెడ్డిలో జరిగింది. కాంగ్రెస్ తరఫున టి.ఎన్. సదాలక్ష్మి, 1957లో కామారెడ్డి నుంచి గెలిచి, తర్వాత ఆంధ్రప్రదేశ్ శాసనసభ ఉపసభాపతి పీఠమెక్కిన తొలి మహిళ. ఎదురుగా రిపబ్లికన్ పార్టీ నాయకురాలు జె. ఈశ్వరీబాయి. సికింద్రాబాద్‌లో పిల్లలకు పాఠాలు చెప్పిన టీచరమ్మ, చిలకలగూడ వార్డు నుంచి గెలిచి రాజకీయాల్లో అడుగుపెట్టారు. ఇద్దరూ దళిత మహిళలే, ఇద్దరూ మాట్లాడటానికి వెరవనివారే. పెద్ద పార్టీ అండ లేని ఈశ్వరీబాయిని ఎల్లారెడ్డి ఓటర్లు గెలిపించారు. రెండేళ్లకే, 1969 తెలంగాణ ఉద్యమంలో ఈ ప్రత్యర్థులిద్దరూ ఒకే పక్షాన నిలబడ్డారు. 1972లోనూ ఎల్లారెడ్డి ఈశ్వరీబాయినే అసెంబ్లీకి పంపింది.