చప్పుడు ఎవరి సొత్తు?

కంపెనీలు చేతులు మారతాయి, బ్రాండ్లు అమ్ముడుపోతాయి. బుల్లెట్, జావా అభిమానులు మాత్రం కొత్త యజమానికి తమ పరీక్షలేవో తాము పెడతారు

ఒక మోటార్‌సైకిల్ కంపెనీ చేతులు మారిందనగానే వాటాదారులు షేరు ధర చూసుకుంటారు. ఉద్యోగులు తమ గతేమిటని ఆరా తీస్తారు. ఆ బండి నడిపేవాళ్లు మాత్రం షోరూమ్‌కి వెళ్లి కొత్త మోడల్‌ని స్టార్ట్ చేయించి, చెవులు రిక్కించి నిలబడతారు. పాత చప్పుడే వస్తోందా లేదా అన్నది వాళ్లకు ముందు తేలాలి. ధర, మైలేజీ, వాయిదాల సంగతి ఆ తర్వాతే.

బయటివాళ్లకు ఇది పిచ్చిగా కనిపించొచ్చు. కానీ మన దేశంలో రెండు పేర్ల విషయంలో ఈ పిచ్చి కంపెనీల లెక్కలనే మార్చింది. ఒకటి బుల్లెట్, రెండోది జావా. బుల్లెట్ ఉత్పత్తి ఎన్నడూ ఆగలేదు. యజమానులు మారినా ఫ్యాక్టరీ నడుస్తూనే ఉంది. జావా కథ వేరు. ఫ్యాక్టరీ మూతపడిన 22 ఏళ్ల తర్వాత పేరొక్కటే తిరిగొచ్చింది. అభిమానులకు ఎవరు ఏం బాకీపడ్డారో తెలియాలంటే ఈ రెండు కథలనూ పక్కపక్కన పెట్టి చూడాలి.

బుల్లెట్‌కి చేతులు మారడం కొత్తేమీ కాదు. ఇంగ్లండ్‌లోని రెడ్డిచ్ పట్టణంలో పుట్టిన ఈ పేరు 1932 నుంచి వాడుకలో ఉంది. సైన్యం అవసరాల కోసం మన ప్రభుత్వం 800 బుల్లెట్లకు ఆర్డరివ్వడంతో, 1955లో మద్రాస్ మోటార్స్‌తో కలిసి ఎన్‌ఫీల్డ్ ఇండియా ఏర్పడింది. మద్రాసు శివార్లలోని తిరువొత్తియూర్‌లో మొదట విడిభాగాలు తెప్పించి బిగించేవారు. తర్వాత అచ్చులు, పనిముట్లు కూడా ఇక్కడికే వచ్చాయి. రెడ్డిచ్ ఫ్యాక్టరీ 1967లో మూతపడింది, మరి కొన్నేళ్లకు బ్రిటిష్ కంపెనీయే కనుమరుగైంది. తల్లి పోయినా బిడ్డ బతికింది. 1977 నాటికి మద్రాసులో తయారైన బుల్లెట్లు ఇంగ్లండ్‌కు ఎగుమతి కావడం మొదలైంది. తాతల నాటి బండిని కొత్తగా కొనుక్కోవాలంటే బ్రిటిష్ అభిమాని మద్రాసు వైపు చూడాల్సి వచ్చింది.

ఇక్కడి అభిమానులను కలవరపెట్టిన మార్పు మాత్రం 1990లలో వచ్చింది. ట్రాక్టర్లు, లారీలు తయారుచేసే ఐషర్ సంస్థ 1990లో ఎన్‌ఫీల్డ్ ఇండియాలో 26 శాతం వాటా కొంది, 1994లో కంపెనీని పూర్తిగా తనలో కలుపుకుంది. అప్పటికి బుల్లెట్ పరిస్థితి అంతంతమాత్రం. హీరో హోండా లాంటి 100 సీసీ బండ్లు లీటరు పెట్రోలుకు ఎన్ని కిలోమీటర్లు వెళ్లొచ్చో ప్రకటనల్లో చాటుకుంటుంటే, బుల్లెట్ ఇంజనాయిలు కార్చుకుంటూ పోలీసు స్టేషన్ల ముందూ, ఊళ్లో మోతుబరుల ఇళ్ల ముందూ నిలబడి ఉండేది. 2000లో 26 ఏళ్ల సిద్ధార్థ లాల్ పగ్గాలు చేపట్టేనాటికి నెలకు 6,000 బండ్లు తయారుచేయగల కంపెనీ 2,000 మాత్రమే అమ్ముతోంది. మూసేయడమో అమ్మేయడమో మేలని మాతృసంస్థలోనే ఆలోచన సాగుతున్న రోజులవి.

లాల్ స్వయంగా బుల్లెట్ నడిపేవాడు కావడం అభిమానులకు కొంత ఊరట. అయితే ఆయన తలపెట్టిన మార్పులు చూశాక ఆ ఊరట ఎంతో కాలం నిలవలేదు.

మొదటి గొడవ గేరు దగ్గర. బ్రిటిష్ పద్ధతిలో పాత బుల్లెట్‌కు గేరు కుడికాలి కింద, బ్రేకు ఎడమకాలి కింద ఉండేవి. మిగతా బండ్లన్నిటికీ దీనికి తిరకాసు. హీరో హోండా మీద నేర్చుకున్న కుర్రాడు బుల్లెట్ ఎక్కి, ఎదురుగా గేదె అడ్డం రాగానే బ్రేకనుకుని గేరు తొక్కేవాడు. కంపెనీ గేరును ఎడమకు మార్చడం మొదలుపెట్టగానే సంప్రదాయవాదులు ఇది బుల్లెటే కాదన్నారు. బండి స్టార్ట్ చేయడమే వాళ్లకో క్రతువు. ఆమ్‌మీటరు ముల్లు మధ్యకు వచ్చేదాకా కిక్కును మెల్లగా తొక్కాలి, డీకంప్రెషర్ లీవరు లాగి పిస్టన్‌ను దాటించాలి, అప్పుడు ఒక్క తొక్కు. లెక్క తప్పితే కిక్కు రాడ్డు ఎదురుతన్ని చీలమండను పలకరిస్తుంది. ఈ విద్య వచ్చినవాడికి దక్కే గౌరవం సెల్ఫ్ స్టార్టర్ వస్తే ఏమవుతుందన్నదే అసలు బెంగ. నిజం చెప్పాలంటే గేరు విషయంలో అభిమానుల వాదనలో పస లేదు. కుడి గేరు ఒక అలవాటు మాత్రమే, పైగా కొత్తవాళ్లకు ప్రమాదకరమైన అలవాటు.

చప్పుడు విషయంలో మాత్రం వాళ్ల వాదనను కొట్టిపారేయలేం. పాత బుల్లెట్ ఇంజనుది పోత ఇనుప సిలిండరు. 70 మిల్లీమీటర్ల వెడల్పు, 90 మిల్లీమీటర్ల పొడుగు దూరం కొట్టే పిస్టన్, బరువైన ఫ్లైవీలు. అందుకే ఖాళీగా తిరుగుతున్నప్పుడు కూడా ఒక్కో దెబ్బా విడివిడిగా వినిపించేది. వీధి మలుపులో ఉండగానే వచ్చేదెవరో ఇంట్లోవాళ్లు చెప్పగలిగేవారు. కాలుష్య నిబంధనలు బిగుసుకునే కొద్దీ ఆ ఇంజనుకు కాలం చెల్లింది. ఆస్ట్రియాకు చెందిన ఏవీఎల్ సాయంతో రూపొందిన ఇంజనునే 2002 నాటి థండర్‌బర్డ్‌లో వాడారు. ఇంజను, గేరుబాక్సు ఒకే పెట్టెలో ఇమిడిన యూసీఈ 2008లో మొదలై, 2009లో వచ్చిన క్లాసిక్‌తో స్థిరపడింది. పోత ఇనుప ఇంజను తయారీ 2010 ప్రాంతంలో ఆగిపోయింది.

ఆసక్తికరమైన విషయమేమిటంటే కొత్త 350 సీసీ ఇంజనుకూ ఆ 70, 90 కొలతలే ఉంచారు. అయినా చప్పుడు మారింది. ఇంజనీర్లు ప్రత్యేకంగా శబ్దంపైనే కసరత్తు చేసి, పాత దడలో 70 శాతం దాకా రాబట్టినట్లు అప్పట్లో వార్తలొచ్చాయి. మిగిలిన 30 శాతం కోసం అభిమానులు మెకానిక్కుల దగ్గరికి పరుగెత్తారు. కంపెనీ సైలెన్సరు పీకేసి బజారులో దొరికే గొట్టాలు బిగించుకోవడం అక్కడితో జోరందుకుంది. హైదరాబాద్‌తో సహా చాలా నగరాల్లో ట్రాఫిక్ పోలీసులు వీటిని స్వాధీనం చేసుకుని రోడ్డు రోలరుతో తొక్కించే దృశ్యాలు పత్రికల్లో మామూలైపోయాయి. పాత బుల్లెట్ చప్పుడుకూ ఈ గొట్టాల గోలకూ సంబంధమే లేదని అసలైన అభిమానులు మొత్తుకుంటారు. పక్కింటివాళ్లు ఆ సూక్ష్మ భేదాన్ని పట్టించుకుంటారని ఆశించలేం.

అమ్మకాల లెక్క యజమాని వైపే మొగ్గింది. 2010లో 50,000 దాటిన బండ్ల సంఖ్య 2014లో 3 లక్షలు దాటింది. 2024-25 ఆర్థిక సంవత్సరంలో 10 లక్షలు దాటింది. అయితే ఈ అంకెలు చూపించి అభిమానుల సణుగుడును తీసిపారేయడం సరికాదు. కొత్తగా కొన్న లక్షలమంది కొన్నది బుల్లెట్‌కున్న పరువును. ఆ పరువును నష్టాల రోజుల్లో కాపాడింది ఇంజనాయిలు మరకల చొక్కాలతో తిరిగిన ఆ సణుగుడు బృందమే. కరోల్ బాగ్‌లోనో, పుదుపేటలోనో విడిభాగాలు వెతికి, పాత బండ్లను రోడ్డు మీద నిలిపింది వాళ్లే. కంపెనీ ఈ సంగతి గ్రహించినట్లే ఉంది. రూపం విషయంలో మాత్రం అది ఏనాడూ సాహసం చేయలేదు. ట్యాంకు మీద చేతితో గీసే బంగారు గీత ఇప్పటికీ బుల్లెట్ గుర్తుగానే సాగుతోంది.

మైసూరు కథలో ఇలాంటి కొనసాగింపు లేదు. చెకోస్లోవేకియాలో 1929లో పుట్టిన జావాను, ఐడియల్ జావా పేరుతో ఇరానీ కుటుంబం 1960ల మొదట్లో మైసూరులోని యాదవగిరిలో తయారుచేయడం మొదలుపెట్టింది. లైసెన్సు గడువు ముగిశాక 1973లో అదే బండి యెజ్డీ అయింది. పార్సీ కుటుంబం ఇరాన్‌లోని యజ్ద్ నగరాన్ని తలుచుకుని పెట్టుకున్న పేరది. ఒక్క సిలిండరుకే రెండు సైలెన్సర్లు. కిక్కు రాడ్డే గేరు రాడ్డు కూడా. లోపలికి నొక్కి పైకి తిప్పితే కిక్కు, కిందికి దించితే గేరు. పెట్రోల్లో ఆయిలు కలిపి పోయాలి, వెనక నీలి పొగ వదలాలి. మైలేజీ పోటీలోనూ, కాలుష్య నిబంధనల ముందూ నిలవలేక ఫ్యాక్టరీ 1996లో మూతపడింది.

బుల్లెట్ యజమానికి కంపెనీని తిట్టే సౌకర్యమైనా ఉంది. యెజ్డీ యజమానికి అదీ లేకపోయింది. తిట్టడానికి కంపెనీ లేదు, కొనడానికి కౌంటరు లేదు. బెంగళూరు జేసీ రోడ్డు, సికింద్రాబాద్ రాణీగంజ్ లాంటి చోట్ల పాత సరుకు ఉన్నంతకాలం అది వాడారు. అయిపోయాక లేతు మీద తిప్పించుకున్నారు, పనికిరాని మూడు బండ్లు విప్పి ఒక్కదాన్ని నిలబెట్టారు. మెకానిక్కుల్లో జావా చేయి తిరిగినవాళ్లు తగ్గిపోతుంటే, చిరునామాలు ఒకరికొకరు చెప్పుకుంటూ క్లబ్బులుగా ఏర్పడ్డారు. ఏటా జులై రెండో ఆదివారం అంతర్జాతీయ జావా దినం పేరుతో బెంగళూరు సహా పలు నగరాల్లో ఈ బండ్లు వరుసకట్టడం ఆనవాయితీ అయింది. ఒక బ్రాండుకు యజమాని లేని కాలంలో దాన్ని పైసా జీతం లేకుండా నడిపినవాళ్లు వీళ్లు.

అందుకే 2016లో మహీంద్రా తన క్లాసిక్ లెజెండ్స్ సంస్థ ద్వారా జావా పేరు వాడుకునే హక్కు తీసుకుందనగానే వీళ్ల ఆనందానికి అవధుల్లేవు. భాగస్వాముల్లో ఐడియల్ జావా కుటుంబానికే చెందిన బొమన్ ఇరానీ ఉండటం మరింత నమ్మకాన్నిచ్చింది. 2018 నవంబర్ 15న జావా, జావా ఫార్టీ టూ విడుదలయ్యాయి. ఢిల్లీ షోరూమ్ ధరలు రూ. 1.64 లక్షలు, రూ. 1.55 లక్షలు. ట్యాంకు వంపు, రెండు సైలెన్సర్లు, గుండ్రటి దీపం అచ్చం పాతవే. ఆ రూపం చూసి కళ్లు చెమర్చినవాళ్లే దగ్గరికెళ్లి వంక పెట్టారు. ఇంజను 293 సీసీ, నీటితో చల్లబడే ఫోర్ స్ట్రోకు. మహీంద్రా మోజో బండి ఇంజనుకు జావా చొక్కా తొడిగారన్నారు. కిక్కు లేదు, గేరు మామూలు గేరు. టూ స్ట్రోకు చప్పుడు, ఆ నీలి పొగ వాసన రానే రావు. కాలుష్య నిబంధనల కింద అది మళ్లీ రావడం అసాధ్యమని వాళ్లకూ తెలుసు. తెలిసినంత మాత్రాన బాధ తగ్గదు.

వాళ్లకు అసలు కోపం తెప్పించినది ఇంతకంటే మామూలు విషయం. డబ్బు కట్టి బుక్ చేసుకున్నవాళ్లకు బండి చేతికి రాలేదు. రెండు నెలలు తిరక్కుండానే బుకింగులు ఆపేసి, 2019 సెప్టెంబర్ దాకా సరుకు అయిపోయిందని కంపెనీ ప్రకటించింది. పితంపూర్ ఫ్యాక్టరీ నుంచి బండ్లు నెమ్మదిగా వచ్చాయి. 22 ఏళ్లు ఎదురుచూసినవాళ్లు మరో ఆరు నెలలు ఆగలేరా అని అడగొచ్చు. కంపెనీయే లేనప్పుడు ఎదురుచూడటం ఒక రకం, రసీదు చేతిలో ఉండగా ఎదురుచూడటం ఇంకో రకం.

మరో విషయం ఇంత గట్టిగా చర్చకు రాలేదు. కొత్త జావా ఇంజనులోని ఏ భాగమూ పాత జావాకు పట్టదు. అంటే క్లబ్బుల వాళ్లకు పేరు తిరిగొచ్చింది కానీ, పాత ఇంజనుకు పిస్టన్ రింగు కావాలంటే మళ్లీ ఆ రాణీగంజ్ దారే. కొత్త కంపెనీ ప్రకటనల్లో మెరిసే గతాన్ని నిలబెట్టినవాళ్లకు ఆ కంపెనీ వల్ల ఒనగూడినది ఇంతే. పాత బండ్ల కోసం విడిభాగాలు కొద్దికొద్దిగానైనా తయారుచేసి అమ్మితే ఖర్చు పెద్దగా ఉండదు, పరువు మాత్రం బోలెడు దక్కుతుంది.

యెజ్డీ పేరుదైతే ఇంకో చిక్కు. 2022 జనవరిలో ఆ పేరుతో మూడు మోడళ్లు మార్కెట్లోకి వచ్చాయి. అదే ఏడాది డిసెంబర్‌లో కర్ణాటక హైకోర్టు ఏక సభ్య ధర్మాసనం ఆ పేరు మూతపడిన ఐడియల్ జావా కంపెనీ ఆస్తి అని, కుటుంబ సభ్యుడి సొంతం కాదని తీర్పు చెప్పింది. లిక్విడేషన్‌లో ఉన్న కంపెనీ ఆస్తి అంటే బాకీలు రావలసినవారికి దానిలో హక్కుంటుంది. క్లాసిక్ లెజెండ్స్ అప్పీలుకు వెళ్లింది, బండ్ల అమ్మకం సాగింది. పేరును వదిలేశారా, వదల్లేదా అన్న వాదన కోర్టులో జరుగుతున్నంతసేపూ, ఆ పేరు ట్యాంకు మీద రాసుకున్న పాత బండ్లు ఊళ్లో తిరుగుతూనే ఉన్నాయి. చట్టం దృష్టిలో వాటికి ఏ విలువా ఉండకపోవచ్చు. జనం మాత్రం ఆ పేరును మర్చిపోకపోవడానికి కారణం అవే.

ఈ బెంగ మనవాళ్లకే పరిమితం కాదు. 1898లో మొదలైన బ్రిటన్ నార్టన్ కంపెనీ దివాలా తీయగా 2020 ఏప్రిల్‌లో మన టీవీఎస్ 1.6 కోట్ల పౌండ్లకు కొంది. ఇక నార్టన్‌లు హోసూరు నుంచి వస్తాయా అన్నది ఇంగ్లండ్ అభిమానుల భయం. టీవీఎస్ బర్మింగ్‌హామ్ పక్కనున్న సోలీహల్‌లో కొత్త ఫ్యాక్టరీ కట్టి ఆ భయం పోగొట్టింది. పాత యాజమాన్యం హయాంలో అమ్ముడైన వీ4 బండ్లలో 35 లోపాలు ఉన్నాయని 2021లో వెల్లడించింది కూడా కొత్త నార్టనే. విదేశీయుడి చేతిలో పడిందని బాధపడినవాళ్లు, స్వదేశీ యజమాని తమ చేత ఏం నడిపించాడో అప్పుడు తెలుసుకున్నారు.

బుల్లెట్ అభిమానుల్లో ఇప్పుడు కొత్త తగాదా నడుస్తోంది. 2020లో మీటియోర్‌తో వచ్చిన జే సిరీస్ ఇంజనులో కొలతలు కూడా మారాయి. 72 మిల్లీమీటర్లు, 85.8 మిల్లీమీటర్లు. వణుకు తగ్గించడానికి బ్యాలెన్సర్ షాఫ్టు పెట్టారు. అద్దంలో వెనక వాహనం స్పష్టంగా కనిపిస్తోందని కొత్తవాళ్లు మెచ్చుకుంటున్నారు. అది కూడా ఒక లోపమేనని పాతవాళ్లు అంటున్నారు. యూసీఈ వచ్చిన కొత్తలో దాన్ని తిట్టిపోసినవాళ్లే ఇప్పుడు, చప్పుడంటే యూసీఈదేనని పాత క్లాసిక్‌లు వెతుక్కుంటున్నారు.