మత్తు దిగుతుంది, జబ్బు దిగదు



మిరపకాయల కాలం వస్తే పల్నాడులో లారీలకు తీరిక ఉండదు. మాచర్ల, గురజాల వైపు నుంచి టిక్కీలు గుంటూరు యార్డుకు పోతాయి. పిడుగురాళ్ల సున్నం దూరం ఊళ్లకు పోతుంది. ఆ లారీల మీద మన పిల్లలే ఉంటారు. జేబులో కూలి డబ్బులు. పక్కన స్నేహితులు. దారిలో మందు షాపు.

"కొంచెం తాగితే ఏమవుతుందమ్మా?" అంటాడు కొడుకు.

ఏమవుతుందో తెలుసుకుందాం.

తాగితే హెచ్.ఐ.వి. వస్తుందా?

రాదు. ఆ క్రిమి సీసాలో ఉండదు. కానీ తాగినవాడికి మంచీ చెడ్డా తెలియదు. మామూలప్పుడు భయపడే పనికి మత్తులో తెగిస్తాడు. జేబులో నిరోధ్ ఉన్నా వాడడు. వాడినా సరిగా వాడడు. అలా కలిసినప్పుడు క్రిమి అంటుకోవచ్చు. తెల్లారేసరికి మత్తు దిగుతుంది. ఒంట్లో చేరిన క్రిమి మాత్రం పోదు.

ఒకరు వాడిన సూది ఇంకొకరు వాడినా, పరీక్ష చేయని రక్తం ఎక్కించినా ఇది వస్తుంది. తల్లి నుంచి బిడ్డకూ రావచ్చు. కలిసి తింటే రాదు. ముట్టుకుంటే రాదు. దోమ కుడితే రాదు.

మనిషిని చూస్తే తెలుస్తుందా?

తెలియదు. ఏళ్ల తరబడి మనిషి బాగానే ఉంటాడు. అతని నుంచి భార్యకు వస్తుంది. ఆమె చేసిన తప్పేముంది?

అనుమానం ఉంటే ప్రభుత్వ ఆసుపత్రిలో రక్తపరీక్ష చేయించుకోవాలి. డబ్బు అడగరు. విషయం బయట చెప్పరు. క్రిమి సోకిన కొత్తలో పరీక్షలో తేలకపోవచ్చు. మూడు నెలల తర్వాత మళ్లీ చేయించాలి.

ఉందని తేలితే?

బతుకు అయిపోలేదు. 2004 నుంచి ప్రభుత్వం మందులు ఉచితంగా ఇస్తోంది. రోజూ మింగితే చాలా ఏళ్లు బతకొచ్చు. గర్భిణీ మందులు వాడితే బిడ్డను కాపాడుకోవచ్చు. తాగుడు మానకపోతే మాత్రం మాత్రలు మరచిపోతారు. జబ్బు ముదురుతుంది. ఈ జబ్బు ఉందని పనిలోంచి తీసేయడం, వెలివేయడం 2017 చట్టం ప్రకారం తప్పు.

మనమేం చేయాలి?

1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా వద్దని లేచారు. వాళ్లూ మనలాగే రాత్రిబడిలో అక్షరాలు దిద్దినవాళ్లే. 1993 అక్టోబరు 1 నుంచి సారా ఆగింది. 1995లో మద్యం మొత్తం ఆపారు. 1997లో మళ్లీ సడలించారు. అంటే చట్టం ఒక్కటే చాలదు. ఇంట్లో మాట కూడా ఉండాలి.

సిగ్గుపడితే పిల్లవాడు దక్కడు. లారీ ఎక్కేముందు చెప్పండి: "నాయనా, తాగొద్దు. తప్పటడుగు వేయొద్దు. ఒకవేళ వేస్తే నిరోధ్ మరవొద్దు. భయమేస్తే నా దగ్గర దాచొద్దు. ఇద్దరం ఆసుపత్రికి పోదాం."

తిట్టే తల్లికి కొడుకు చెప్పడు. వినే తల్లికి చెబుతాడు.

సందేహాలుంటే 1097కు ఫోన్ చేయండి. డబ్బు ఖర్చు కాదు.

ఆలోచించండి:
1. తాగుడుకూ ఈ జబ్బుకూ సంబంధం ఏమిటి?
2. మీ కొడుకుతో ఈ మాట ఎప్పుడు మాట్లాడతారు?