టుంకు రాసిన ఉత్తరం

క్రాంజీ: ఆదివారం యుద్ధ స్మారకం చూడ్డానికి వెళ్లే మనవాళ్లు పక్కనున్న ప్రభుత్వ శ్మశానవాటిక వైపు పెద్దగా పోరు. సింగపూర్ తొలి అధ్యక్షుడు యూసఫ్ ఇషాక్ సమాధి అక్కడే ఉంది. ఆయన పుట్టింది మలేసియాలోని పెరాక్‌లో. అక్కడివాడు ఇక్కడ అధ్యక్షుడెలా అయ్యాడంటారా? అప్పట్లో రాకపోకలకు అటూ ఇటూ ఒకటే. 1963లో సింగపూర్ మలేసియాలో కలిసిపోయింది కూడా. రెండేళ్లయినా నిలవలేదు. 1964 జాతి కలహాల్లో 36 మంది చనిపోయారు, పార్టీల తగాదా ముదిరింది.

విడగొట్టడమే మేలనుకున్నారు మలేసియా ప్రధాని టుంకు అబ్దుల్ రహమాన్. సింగపూర్ ఉపప్రధాని టోహ్ చిన్ చై, మంత్రి రాజరత్నం మాత్రం సంతకం పెట్టేది లేదని కూర్చున్నారు. టోహ్‌ది కూడా పెరాకే. రాజరత్నం పెరిగింది సెరెంబన్‌లో. సొంతూరు పరదేశమైపోతుందంటే చెయ్యి ఎలా ఆడుతుంది? లీ క్వాన్ యూ అడిగితే 1965 ఆగస్టు 7న టుంకు టోహ్‌కు ఉత్తరం రాసిచ్చారు. వేరే దారి లేదని, పరిస్థితి పూర్తిగా తన చేతిలో ఉంటే ఇంకొంత కాలం ఆగేవాణ్ణని దాని సారాంశం. ప్రధాని అంతటివాడు తన వల్ల కాదని కాగితం మీద పెట్టడం మేము ఎక్కువగా విన్నది కాదు. ఇద్దరూ సంతకాలు చేశారు. ఆగస్టు 9న సింగపూర్ వేరుపడింది.

2014లో మన రాష్ట్రం విడిపోయినా హైదరాబాద్ బస్సెక్కడానికి పాస్‌పోర్టు అక్కర్లేదు. వీళ్లకు అక్కరొచ్చింది. పౌరులు కానివాళ్లకు వర్క్ పర్మిట్ ఉండాలనే చట్టం విడిపోయాకే వచ్చింది. 1967లో కాజ్‌వే దగ్గర పాస్‌పోర్టు తనిఖీ మొదలైంది. అంతకుముందు జోహోర్ నుంచి ఇటు పనికొచ్చేవాళ్లకు ఆ బాధ లేదు.