మలివయసు తోడుకు తలుపు గొళ్లెం

వృద్ధాప్యంలో సాన్నిహిత్యం అంటే మనుమలు ఒళ్లో ఆడుకోవడం, కోడలు వేళకు అన్నం పెట్టడం అని మాత్రమే తెలుగు సమాజం సాధారణంగా అనుకుంటుంది. వృద్ధాప్యాన్ని అధ్యయనం చేసే జరాశాస్త్రం మాత్రం పక్కన కూర్చుని కబుర్లు చెప్పుకోవడాన్ని, చేయి పట్టుకోవడాన్ని, ఒకే మంచం మీద నిద్రపోవడాన్ని, లైంగిక బంధాన్ని కూడా అందులోనే చేర్చి, వయసుతో వీటి పాళ్లు మారుతాయే తప్ప అవసరం తీరిపోదని చెబుతుంది. 57 నుంచి 85 ఏళ్ల లోపు 3,005 మంది అమెరికన్ల మీద జరిపి 2007లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, 65–74 ఏళ్లవారిలో 53 శాతం మంది, 75 దాటినవారిలో 26 శాతం మంది లైంగిక జీవితాన్ని కొనసాగిస్తున్నట్లు తేలింది. మానేసినవారి విషయంలో వయసుతో పాటు అనారోగ్యం, తోడు లేకపోవడం కూడా పెద్ద కారణాలుగా కనిపించాయి.

తెలంగాణ పల్లెల్లో ఈ అవసరానికి మొదటి దెబ్బ వృద్ధాశ్రమంలో కాక ఇంట్లోనే తగులుతుంది. జనగామ జిల్లా రఘునాథపల్లి హైదరాబాద్–వరంగల్ రహదారి మీద, సికింద్రాబాద్–కాజీపేట రైలుమార్గంలో ఉన్న మండల కేంద్రం. ఇలాంటి ఊళ్ల నుంచి పిల్లలు చదువుకో, కొలువుకో ఆ దారుల వెంటే నగరానికి వెళ్లిపోతే, వెనుక మిగిలిన తల్లిదండ్రుల పోషణను భూమితో పాటే వంతులు వేసుకోవడం చాలా కుటుంబాల్లో కనిపించే పద్ధతి. ఇద్దరినీ కలిపి నెలకొక ఇంటికి పంపడం ఒక తీరైతే, అవ్వను ఒక కొడుకు, తాతను మరో కొడుకు ఉంచుకోవడం ఇంకో తీరు. ఖర్చు లెక్కలో ఈ రెండో తీరు న్యాయంగానే కనిపించవచ్చు గానీ, నలభై యాభై ఏళ్లు ఒకే కప్పు కింద బతికిన ఇద్దరిని అది నిశ్శబ్దంగా విడదీస్తుంది, దానిని విడాకులని ఎవరూ అనరు.

స్నానం, మందులు, నడక వంటి రోజువారీ పనుల్లో సాయం అందిస్తూనే నివాసికి సొంత గదిని, వీలైనంత స్వేచ్ఛను ఇచ్చే వసతిని అసిస్టెడ్ లివింగ్ అంటారు. హైదరాబాద్ చుట్టుపక్కల డబ్బు చెల్లించగలవారికి ఇది దొరుకుతోంది. పేదలకు మిగిలేది వృద్ధాశ్రమమే. ప్రతి జిల్లాలోనూ కనీసం 150 మంది నిరుపేద వృద్ధులకు చాలేంత ఆశ్రమం ఉండాలని 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం చెప్పినా, వసతిని మంచాల లెక్కన కొలిచే ఆలోచనలో ఆ మంచాల మధ్య గోడ ఉండాలా, ఆ గోడకు తలుపు ఉండాలా అన్న ప్రశ్నకు చోటు దొరకడం కష్టం. ఆడవారికొక హాలు, మగవారికొక హాలు కట్టినచోట కలిసి వచ్చిన భార్యాభర్తలు సైతం భోజనాల వేళే కలుసుకుంటారు.

ఈ ఏర్పాటులోంచే బంధాలు పుట్టుకొస్తుండటం గమనించదగినది. రాజమహేంద్రవరంలోని స్వర్ణాంధ్ర వృద్ధాశ్రమంలో పక్షవాతం వచ్చిన 64 ఏళ్ల పురుషుడికి తోటి నివాసి అయిన 68 ఏళ్ల స్త్రీ సేవ చేయగా ఏర్పడిన అనుబంధం, 2024 చివర్లో నిర్వాహకులే దగ్గరుండి జరిపించిన పెళ్లిగా మారింది. కందుకూరి వీరేశలింగం 1881 డిసెంబరు 11న తొలి వితంతు వివాహాన్ని జరిపించింది కూడా ఈ ఊళ్లోనే. అయితే ఆనాటి ఉద్యమం బాలవితంతువుల గురించినది కాబట్టి, అరవై దాటిన స్త్రీకి మళ్లీ తోడు అన్న ఆలోచన దాని పరిధిలోకి రాలేదు. తెలంగాణలో చాలా కులాల్లో మారుమనువు ఎప్పటినుంచో ఆచారంగా ఉన్న మాటను కూడా ఇక్కడ గుర్తుంచుకోవాలి.

ఇలాంటి బంధాలకు చోటిస్తూ న్యూయార్క్‌లోని హీబ్రూ హోమ్ అనే వృద్ధుల సంరక్షణ కేంద్రం 1995లోనే నివాసుల లైంగిక హక్కులను గుర్తించే లిఖిత విధానాన్ని అమలులోకి తెచ్చింది. అలాంటి విధానం ఉన్నచోట సిబ్బంది తలుపు కొట్టి అనుమతి అడగడం మర్యాదగా కాక నియమంగా మారుతుంది. మతిమరుపు వ్యాధి వచ్చినప్పుడు చిక్కు మరింత ముదురుతుంది, ఎందుకంటే సమ్మతి, అంటే జరుగుతున్నది ఏమిటో తెలిసి ఒప్పుకోవడం, ఉదయం స్పష్టంగా ఉండి సాయంత్రానికి మసకబారవచ్చు. అమెరికా సుప్రీంకోర్టు తొలి మహిళా న్యాయమూర్తి శాండ్రా డే ఓ కానర్ భర్త అల్జీమర్స్‌తో సంరక్షణ కేంద్రంలో ఉంటూ అక్కడి మరో స్త్రీకి దగ్గరైనప్పుడు, ఆయన సంతోషంగా ఉన్నందుకు ఆమె ఊరట చెందినట్లు 2007లో కుటుంబం వెల్లడించింది. ఇంతటి ఔదార్యాన్ని అందరి నుంచి ఆశించడం అన్యాయమే అవుతుంది.

తెలుగునాట తల్లిదండ్రుల మలివయసు తోడు మీద పిల్లల అభ్యంతరం పైకి పరువు పేరుతో వినిపించినా, దాని అడుగున తరచు ఆస్తి ఉంటుంది: హిందూ వారసత్వ చట్టం ప్రకారం వీలునామా లేకుండా మరణించినవారి ఆస్తిలో, కొత్తగా వచ్చిన భార్యకూ పిల్లలతో సమానంగా వాటా దక్కుతుంది. హైదరాబాద్‌లో ఎన్.ఎం. రాజేశ్వరి 2010లో ప్రారంభించిన, వృద్ధులకు జంటను వెతకడంలో సాయపడే తోడు నీడ సంస్థ ద్వారా కలిసినవారిలో కొందరు పెళ్లి లేకుండా సహజీవనాన్ని ఎంచుకోవడానికి ఈ లెక్క ఒక కారణమైతే, పింఛను మరో కారణం. మరణించిన ప్రభుత్వోద్యోగి భార్యకు వచ్చే కుటుంబ పింఛను పునర్వివాహంతో సాధారణంగా ఆగిపోతుంది. కూలి చేసుకుని బతికినవారికి ఆ బాధ లేదనుకుంటే అదీ పొరపాటే, ఎందుకంటే తెలంగాణ ఆసరా పథకం నిబంధనల్లో వృద్ధాప్య పింఛను కుటుంబానికి ఒక్కరికే ఉండేది కాబట్టి, వేర్వేరు ఇళ్లలో చెరొక 2,016 రూపాయలు అందుకుంటున్న ఇద్దరు ముసలివాళ్లు ఒకే గడపలో చేరితే కాగితం మీద వారికి మిగిలేది ఒక్క పింఛనే.